గ్రాఫిక్స్ కార్డుకు తగ్గ మానిటర్‌ను ఎలా ఎంచుకోవాలి?

గేమింగ్ పీసీ కట్టించుకునేటప్పుడు ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డ్ గురించి నెలల తరబడి ఆరా తీస్తాం. మానిటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మిగిలిన డబ్బుల్లో ఏదొస్తే అది తీసుకుంటాం. అప్పుడు రెండు రకాల నష్టాలు జరుగుతాయి. మంచి కార్డుకు ఆఫీసు పనికి వాడే పాత 60 హెర్ట్జ్ మానిటర్ తగిలిస్తే, కార్డ్ సెకనుకు 140 ఫ్రేములు, అంటే బొమ్మలు, తయారు చేసినా తెర సెకనుకు 60 సార్లే మారుతుంది. లేదా ఆఫర్‌లో వచ్చింది కదా అని మామూలు కార్డుకు 4కే (3840×2160 పిక్సెళ్ళ) మానిటర్ కలిపితే, పెద్ద గేమ్ పెట్టగానే 30 ఫ్రేముల దగ్గర ఈడుస్తూ కూర్చుంటుంది. మొదటిదాంట్లో కార్డుకు పెట్టిన డబ్బు దండగ, రెండోదాంట్లో మానిటర్‌కు పెట్టింది దండగ.

ఈ విషయంలో నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది ఒకటే. మానిటర్ల జాబితాలు తిరగేయడానికి ముందు, మీ కార్డ్ మీరు ఆడే గేముల్లో ఎంత చేయగలదో మీ ఇంట్లోనే కొలిచి చూసుకోండి. పైసా ఖర్చు లేదు, ఒక సాయంత్రం చాలు. ఆ కొలతలు చేతిలో ఉంటే మిగతా నిర్ణయాలన్నీ వాటంతటవే తేలిపోతాయి.

1. ముందు కార్డును కొలవండి

మీ దగ్గర ఏ కార్డ్ ఉందో కచ్చితంగా తెలియకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కండి. పేరు, మెమరీ రెండూ అక్కడే కనిపిస్తాయి. పేరు చివర ఉండే టీఐ, సూపర్, ఎక్స్‌టీ లాంటి తోకలను కూడా రాసుకోండి. ఆర్‌టీఎక్స్ 4070 వేరు, 4070 టీఐ సూపర్ వేరు. ల్యాప్‌టాప్ అయితే ఇంకో మెలిక ఉంది. అదే పేరున్నా ల్యాప్‌టాప్‌లోని చిప్, డెస్క్‌టాప్ కార్డుతో సమానం కాదు. తక్కువ కరెంటుతో నడుస్తుంది కాబట్టి వేగం కూడా తక్కువే. ఉదాహరణకు డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 24 జీబీ మెమరీ ఉంటే, అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేదానిలో ఉన్నది 16 జీబీ.

ఇప్పుడు మీరు ఎక్కువగా ఆడే మూడు నాలుగు గేములు ఎంచుకోండి. వాటిలో ఒకటి కార్డును బాగా కష్టపెట్టేది ఉండాలి, సైబర్‌పంక్ 2077 లాంటిది. ఫ్రేముల సంఖ్య చూపించే ఓవర్‌లే ఆన్ చేయండి. ఎన్విడియా యాప్ ఉన్నవాళ్ళు ఆల్ట్, ఆర్ నొక్కితే చాలు. ఏఎండీ కార్డుల సాఫ్ట్‌వేర్ అడ్రినలిన్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ నొక్కాలి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అయితే ఏ కంపెనీ కార్డ్ మీదైనా పనిచేస్తుంది.

గేమ్ మెనూలో నిలబడి చూసిన అంకె లెక్కలోకి రాదు. జనం, పొగ, నిప్పు ఉన్న చోట, గట్టిగా ఫైట్ జరుగుతున్న చోట పది పదిహేను నిమిషాలు ఆడి, మూడు అంకెలు రాసుకోండి: సగటు ఫ్రేములు, మధ్యమధ్యలో పడిపోయినప్పటి ఫ్రేములు (ఓవర్‌లేలో దీన్ని 1 శాతం లో అని చూపిస్తారు), జీపీయూ వాడకం శాతం. ఫ్రేమ్ జనరేషన్ ఆన్‌లో ఉంటే ఈ కొలత వరకూ ఆపేయండి. అది రెండు అసలు ఫ్రేముల మధ్య ఇంకో ఫ్రేమ్‌ను తయారు చేసి ఇరికిస్తుంది. పైకి అంకె పెద్దగా కనిపిస్తుంది కానీ మౌస్ కదిపినప్పుడు చేతికి తెలిసే చురుకుదనం అసలు ఫ్రేముల మీదే ఆధారపడి ఉంటుంది.

మూడో అంకెను చాలామంది చూడనే చూడరు. నా దృష్టిలో ముఖ్యమైనది అదే. జీపీయూ వాడకం 95 శాతం పైన ఉంటే కార్డ్ తన శక్తంతా పెట్టి పనిచేస్తోందని అర్థం. 60, 70 శాతం దగ్గరే ఉండి, ఫ్రేములు కూడా పెరగకపోతే, అడ్డం పడుతున్నది చాలావరకు ప్రాసెసర్ (గేమ్‌లో ఫ్రేములను తెర వేగానికి కట్టేసే వీ-సింక్ గానీ ఫ్రేముల పరిమితి గానీ పెట్టి ఉన్నారేమో కూడా చూడండి). ప్రాసెసరే అడ్డమైతే మీకు 240 హెర్ట్జ్ మానిటర్ ఉపయోగపడదు, ఎందుకంటే అన్ని ఫ్రేములు తయారయ్యే దారే లేదు. కానీ కార్డులో ఇంకా ఓపిక మిగిలి ఉంది కాబట్టి ఎక్కువ రిజల్యూషన్ మానిటర్, అంటే పిక్సెళ్ళు ఎక్కువ ఉన్నది, మాత్రం హాయిగా నడుస్తుంది.

2. కొనకుండానే 1440పీలో ఆడి చూడండి

ఈ సదుపాయం మీ కార్డులో ఇప్పటికే ఉంది. చాలామందికి తెలియదు. ప్రస్తుతం మీ దగ్గర 1080పీ (1920×1080) మానిటరే ఉన్నా సరే, గేమ్‌ను 1440పీలో గానీ 4కేలో గానీ గీయమని కార్డుకు చెప్పవచ్చు. గీసిన బొమ్మను కార్డే తిరిగి కుదించి మీ తెర మీద చూపిస్తుంది. బొమ్మ స్పష్టత మీ పాత తెరకు తగ్గట్టే ఉంటుంది. కార్డ్ మీద పడే భారం మాత్రం కొత్త మానిటర్ కొన్నాక ఎంత పడుతుందో దాదాపు అంతే.

ఎన్విడియా వాళ్ళు దీన్ని డీఎస్ఆర్ అంటారు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, మేనేజ్ 3డీ సెట్టింగ్స్‌లో డీఎస్ఆర్ ఫ్యాక్టర్స్ అనే వరుస మీద నొక్కండి. అక్కడ 1.78 దగ్గర టిక్ పెడితే 2560×1440 వస్తుంది. 4.00 దగ్గర పెడితే 4కే వస్తుంది. ఏఎండీ కార్డులకు అడ్రినలిన్‌లో డిస్‌ప్లే ట్యాబ్ కింద వర్చువల్ సూపర్ రిజల్యూషన్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. తరవాత గేమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే రిజల్యూషన్ల జాబితాలో కొత్తవి కనిపిస్తాయి. అదే గేమ్‌లో అదే చోట మళ్ళీ ఆడి, ఆ మూడు అంకెలే మళ్ళీ రాసుకోండి.

ఈసారి కార్డ్ మెమరీ ఎంత నిండిందో కూడా చూడండి. 8 జీబీ కార్డులో 1440పీ పెట్టి టెక్స్‌చర్లు (గేమ్‌లోని వస్తువుల మీద పరిచే బొమ్మలు) అల్ట్రాలో ఉంచితే కొన్ని కొత్త గేముల్లో మెమరీ అంచుల దాకా వస్తుంది. సగటు బాగానే ఉండి, మధ్యలో ఉన్నట్టుండి గేమ్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదులుతుంటే చాలాసార్లు కారణం ఇదే. టెక్స్‌చర్లను ఒక మెట్టు దించి చూడండి. ఆ కుదుపు పోతే, ఆ సెట్టింగ్‌తో ఆడటానికి మీకు అభ్యంతరం లేకపోతే, మీ కార్డ్ 1440పీకి పనికొచ్చినట్టే.

3. కొలతలను బట్టి రిజల్యూషన్ తేల్చుకోండి

1080పీ అంటే తెర మీద దాదాపు 20.7 లక్షల పిక్సెళ్ళు. 1440పీలో 36.9 లక్షలు. 4కేలో 83 లక్షలు, అంటే 1080పీకి సరిగ్గా నాలుగింతలు. వెడల్పాటి 3440×1440 మానిటర్లలో 49.5 లక్షలు. ప్రతి ఫ్రేమ్‌కూ వీటన్నిటికీ రంగు లెక్కగట్టాల్సింది కార్డే. పిక్సెళ్ళు పెరిగినంత కచ్చితంగా ఫ్రేములు తగ్గవు. 1080పీలో 100 ఫ్రేములు వచ్చే చోట 1440పీలో 56కు పడిపోకుండా 65, 70 దగ్గర నిలబడటం మామూలే. గేమును బట్టి మారుతుంది కాబట్టే కొలవమన్నది.

కొత్త కార్డ్, కొత్త మానిటర్ రెండూ కలిపి కొంటున్నవాళ్ళకు కొలిచే వీలుండదు. వాళ్ళ కోసం స్థూలంగా చెబుతాను (జీటీఎక్స్, ఆర్‌టీఎక్స్ పేర్లు ఎన్విడియావి, ఆర్ఎక్స్ ఏఎండీది). జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 3050, ఆర్ఎక్స్ 6600 వంటివి 1080పీ కార్డులు. వాటికి పైన ఆశలు పెట్టుకోవద్దు. ఆర్‌టీఎక్స్ 3060, 4060, ఆర్ఎక్స్ 7600 వంటివి గట్టు మీద ఉంటాయి: 1080పీలో దర్జాగా నడుస్తాయి, సెట్టింగులు కాస్త సర్దుకుంటే 1440పీలోనూ నడుస్తాయి. ఆర్ఎక్స్ 6700 ఎక్స్‌టీ, 7800 ఎక్స్‌టీ, 16 జీబీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఆర్‌టీఎక్స్ 4070, 5070 ఇవన్నీ 1440పీ కోసమే పుట్టినట్టుంటాయి. 4కేకి ఆర్‌టీఎక్స్ 5070 టీఐ, ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ స్థాయి నుంచి మొదలుపెట్టండి. అన్ని సెట్టింగులూ పైన పెట్టి ఆడాలంటే 4090, 5090 లాంటివే కావాలి.

తక్కువ పిక్సెళ్ళతో గీసి పెద్దది చేసి చూపించే డీఎల్ఎస్ఎస్ (ఎన్విడియాది), ఎఫ్ఎస్ఆర్ (ఏఎండీది) వచ్చాక ఈ గీతలు కొంచెం చెరిగాయి. 4కే మానిటర్ మీద డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ పెడితే కార్డ్ లోపల గీసేది 1440పీ, పర్ఫార్మెన్స్ పెడితే 1080పీ. తరవాత దాన్ని 4కేకి పెంచుతుంది. 4కే తెర మీద ఈ పెంపకం చాలా బాగుంటుంది. 1440పీ మీద క్వాలిటీ వరకూ బాగుంటుంది. 1080పీ మీద మాత్రం నాకు నచ్చదు. లోపల గీసేది 720పీయే కావడంతో దూరంగా ఉన్న ఆకులు, తీగలు, కంచెలు మసకబారిపోతాయి. కాబట్టి “డీఎల్ఎస్ఎస్ ఉంది కదా” అనే ధైర్యం పెద్ద తెరకు పనికొస్తుంది కానీ చిన్న తెరకు అంతగా పనికిరాదు.

గట్టు మీద ఉన్న కార్డులవాళ్ళు 1440పీ వైపే మొగ్గండని నా సలహా. మానిటర్ ఏడెనిమిదేళ్ళు మన బల్ల మీద ఉంటుంది. ఈలోగా కార్డ్ మారుతుంది. ఇవాళ మీడియం సెట్టింగుల్లో ఆడినా, రేపు కార్డ్ మార్చినప్పుడు మానిటర్ మళ్ళీ కొనక్కర్లేదు. 4 జీబీ కార్డులవాళ్ళకు మాత్రం ఈ సలహా వర్తించదు.

4. రిఫ్రెష్ రేట్ ఎంత కావాలి?

రిఫ్రెష్ రేట్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్నది, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. 60 హెర్ట్జ్ మానిటర్ ఒక్కో బొమ్మను 16.7 మిల్లీసెకన్ల పాటు తెర మీద ఉంచుతుంది. 144 హెర్ట్జ్‌లో అది 6.9 మిల్లీసెకన్లు. 240లో 4.2. ఈ తేడాలు గమనించండి. 60 నుంచి 144కు వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి వెళ్తే కలిసొచ్చేది 3 మిల్లీసెకన్ల లోపే. మొదటి మార్పు ఎవరి కంటికైనా తెలుస్తుంది, డెస్క్‌టాప్ మీద మౌస్ కదిపినా తెలుస్తుంది. రెండోది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి రోజూ పట్టుదలగా ఆడేవాళ్ళకే విలువైనది.

ఆ రెండు గేములూ కార్డ్ మీద పెద్దగా భారం వేయవు. మధ్యరకం కార్డులోనే 200 దాటి ఫ్రేములు వస్తాయి, అక్కడ ప్రాసెసర్ బలం ముఖ్యం. కథ ఉన్న పెద్ద గేములు ఆడేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ కార్డ్ ఇచ్చేదే 70, 90 ఫ్రేములైతే 240 హెర్ట్జ్‌కు డబ్బు పెట్టకుండా ఆ డబ్బుతో మెరుగైన ప్యానెల్ (మానిటర్‌లోని తెర పలక) తీసుకోవచ్చు. ఎల్డెన్ రింగ్ అయితే పీసీలో 60 ఫ్రేములకే కట్టేసి ఉంటుంది, ఎంత ఖరీదైన మానిటర్ పెట్టినా అంతకు మించదు.

మొదటి మెట్టులో రాసుకున్న సగటు అంకెలు తీయండి. వాటిలో పెద్దదానికి కాస్త పైన ఉండే రిఫ్రెష్ రేట్ మీకు చాలు. ఇప్పుడు మార్కెట్లో 144, 165, 180 హెర్ట్జ్ మానిటర్ల మధ్య ధర తేడా స్వల్పం. 165కూ 180కీ ఉన్న తేడా మాత్రం కంటికి ఆనదు, దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

5. సైజు, బల్ల, చూపు

తెర సైజును రిజల్యూషన్‌తో కలిపే చూడాలి. 24 అంగుళాల 1080పీలో అంగుళానికి 92 పిక్సెళ్ళు పడతాయి. అదే 1080పీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కు పడిపోతుంది. దగ్గర కూర్చుంటే గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. గేములో ఏదోలా సర్దుకోవచ్చు కానీ తెలుగు చదివేటప్పుడు ఇబ్బంది బయటపడుతుంది. ఒత్తులు, కొమ్ములు, సుడులు చిన్న చోటులో ఇరుక్కుని ఉండే లిపి మనది. తక్కువ పిక్సెళ్ళలో ‘క్ష్మి’, ‘స్త్రీ’ లాంటివి ముద్దముద్దగా కనిపిస్తాయి. ఇంట్లో అదే మానిటర్ మీద పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్ళు వార్తలు చూస్తారు. కాబట్టి 27 అంగుళాల 1080పీని నేనెవరికీ చెప్పను, ఎంత చవకగా వచ్చినా సరే.

27 అంగుళాల 1440పీలో అంగుళానికి 109 పిక్సెళ్ళు. ఇది అన్నిటికీ సరిపోయే కలయిక. 32 అంగుళాల 1440పీలో మళ్ళీ 92, అంటే 24 అంగుళాల 1080పీ స్పష్టతే, కాకపోతే పెద్దగా. 4కే తీసుకుంటే 27లో 163, 32లో 138. రెండూ బాగుంటాయి కానీ అక్షరాలు చిన్నవైపోతాయి, విండోస్‌లో స్కేలింగ్ 125 గానీ 150 గానీ పెట్టుకోవాలి.

బల్ల లోతు టేపు పెట్టి కొలవండి. గోడకు ఆనించిన 50 సెంటీమీటర్ల బల్ల మీద 32 అంగుళాల తెర పెడితే మూలలు చూడటానికి తల తిప్పాలి. అలాంటి చోట 24, మహా అయితే 27. మానిటర్ వెనక వెసా మౌంట్ రంధ్రాలు ఉంటే ఆర్మ్ బిగించి తెరను కొంత వెనక్కి నెట్టుకోవచ్చు. స్టాండ్ ఎత్తు మార్చుకునే వీలుంటే మెడకు మంచిది.

6. ఫ్రేములు ఎగుడుదిగుడైనప్పుడు ఆదుకునేది

ఏ కార్డూ ఒకే వేగంతో ఫ్రేములు ఇవ్వదు. ఖాళీ గదిలో 110, బయట ఫైట్‌లో 62. మానిటర్ మాత్రం తన వేగం తాను మార్చకుండా తిప్పుతూ ఉంటే, ఒకే తెర మీద పై సగం ఒక ఫ్రేమ్, కింది సగం ఇంకో ఫ్రేమ్ పడి బొమ్మ మధ్యలో కోసినట్టు కనిపిస్తుంది. దీన్నే టియరింగ్ అంటారు. కార్డ్ ఇచ్చే ఫ్రేమ్ కోసం మానిటర్ ఆగేలా చేస్తే ఇది పోతుంది. ఏఎండీ దీన్ని ఫ్రీసింక్ అంటుంది, ఎన్విడియా జీ-సింక్ అంటుంది.

ఒకప్పుడు ఏ కంపెనీ కార్డుకు ఆ కంపెనీ మానిటరే కొనాల్సి వచ్చేది. 2019 జనవరిలో ఎన్విడియా తన జీటీఎక్స్ 10 సిరీస్, ఆపై కార్డులను అడాప్టివ్ సింక్ (ఫ్రీసింక్‌కు ఆధారమైన ప్రమాణం) మానిటర్లతోనూ పనిచేసేలా డ్రైవర్ ఇచ్చింది. ఆ తరవాత ఈ బెడద చాలావరకు తీరిపోయింది. మీది ఎన్విడియా కార్డ్ అయి, మానిటర్ మీద ఫ్రీసింక్ అని మాత్రమే రాసి ఉంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తోనే కలపండి. హెచ్‌డీఎంఐతో కలిపితే ఆ ఆప్షన్ కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించకపోవచ్చు. ఎన్విడియా పరీక్షించి ఆమోదించిన మానిటర్ల జాబితా వాళ్ళ సైట్‌లోనే ఉంటుంది, ఒకసారి చూసుకోవడం మేలు.

స్పెసిఫికేషన్లలో ఈ సింక్ పరిధి ఎంతో వెతకండి. 48 నుంచి 144 అని ఉంటే నిశ్చింత. ఫ్రేములు 40కి పడితే ఒక్కో ఫ్రేమ్‌ను రెండేసి సార్లు చూపించి మానిటర్‌ను 80 దగ్గర నడిపిస్తారు. 48 నుంచి 75 వరకే ఉన్న చవక మానిటర్లలో అలా రెట్టింపు చేయడానికి చోటు లేదు. 48 కిందికి దిగగానే మళ్ళీ కోతలే. మామూలు కార్డ్ ఉన్నవాళ్ళకే ఈ సదుపాయం అవసరం ఎక్కువ. చవక మానిటర్ కొనేది ఎక్కువగా వాళ్ళే కాబట్టి ఈ ఒక్క అంకె విషయంలో రాజీ పడవద్దు.

7. ప్యానెల్

ఐపీఎస్ రకం ప్యానెల్ తీసుకుంటే పెద్దగా ఆలోచించక్కర్లేదు. రంగులు బాగుంటాయి, పక్క నుంచి చూసినా మారవు. లైట్లార్పిన గదిలో నలుపు కాస్త బూడిద రంగులో కనిపిస్తుంది, అంతే. వీఏ రకంలో నలుపు ఐపీఎస్ కంటే దాదాపు మూడింతలు గాఢంగా ఉంటుంది. కానీ చవక వీఏ ప్యానెళ్ళలో చీకటి దృశ్యాలు వేగంగా కదిలితే నల్లటి మరక వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది. కారు రేసులు, షూటింగ్ గేములు ఆడేవాళ్ళు అలాంటివి తీసుకోకపోవడం మంచిది.

ఓలెడ్ చూస్తే మనసు ఆగదు. నలుపంటే నలుపే, కదలిక అద్దంలా ఉంటుంది. అయితే రోజంతా అదే మానిటర్ మీద ఎక్సెల్, కోడింగ్ చేసి రాత్రి ఓ గంట గేమ్ ఆడేవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కింద టాస్క్‌బార్ లాంటి కదలని బొమ్మలు ఏళ్ళ తరబడి ఒకేచోట వెలిగితే వాటి గుర్తు తెర మీద మిగిలిపోవచ్చు. ఓలెడ్ కొంటే, బర్న్-ఇన్‌కు (ఇలా గుర్తులు పడటానికి) వారంటీ వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉన్న మోడలే కొనండి.

పెట్టె మీద ఉండే 1 మిల్లీసెకను (పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం), హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపించే పద్ధతి) అనే మాటలను చూసి ధర పెంచి కొనకండి. ఆ 1 మిల్లీసెకను సాధారణంగా ఎవరూ వాడలేని సెట్టింగ్‌లో కొలిచినది. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 అని ఉన్న మామూలు ఎల్‌సీడీ మానిటర్లలో చాలావాటికి తెరను భాగాలుగా వెలిగించే, ఆర్పే ఏర్పాటు ఉండదు. అది లేకుండా హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది.

8. పోర్టులు, కేబుళ్ళు

సరైన కార్డ్, సరైన మానిటర్ కొన్నాక కూడా పని చెడేది ఇక్కడే. మీ కార్డ్ వెనక ఏయే పోర్టులు ఉన్నాయో, వాటి వెర్షన్ ఎంతో కంపెనీ సైట్‌లో చూసి రాసుకోండి.

హెచ్‌డీఎంఐ 2.0 ద్వారా 4కే అయితే 60 హెర్ట్జ్ వరకే, 1440పీ అయితే 144 వరకు వెళ్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4 ద్వారా 4కే 120 హెర్ట్జ్ వెళ్తుంది. డీఎస్‌సీ అనే కుదింపు కార్డులోనూ మానిటర్‌లోనూ ఉంటే ఇంకా పైకి వెళ్తుంది. ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్‌లలో డిస్‌ప్లేపోర్ట్ 1.4, హెచ్‌డీఎంఐ 2.1 ఉన్నాయి. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్, ఆర్ఎక్స్ 7000, 9000 సిరీస్‌లలో డిస్‌ప్లేపోర్ట్ 2.1 ఉంది. జీటీఎక్స్ 10, 16 సిరీస్‌లలో హెచ్‌డీఎంఐ 2.0యే. కాబట్టి అవి ఉన్నవాళ్ళు డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటరే చూసుకోవాలి.

మానిటర్ వైపు కూడా మోసపోయే వీలుంది. 180 హెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. మాన్యువల్ తెరిచి చూస్తే డిస్‌ప్లేపోర్ట్‌లోనే 180, హెచ్‌డీఎంఐలో 144 అని ఉంటుంది. పెట్టెలో ఇచ్చేది ఒక్క హెచ్‌డీఎంఐ కేబులే కావచ్చు. హెచ్‌డీఎంఐ 2.1 అని రాసి ఉన్నంత మాత్రాన పూర్తి 48 జీబీపీఎస్ వేగం ఉందని కాదు. పాత 2.0 వేగంతోనే ఉన్న పోర్టుకు కూడా ఆ పేరు పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఏ పోర్టులో ఏ రిజల్యూషన్‌కు ఎన్ని హెర్ట్జ్ అనే పట్టిక మాన్యువల్‌లో ఉంటుంది. కొనడానికి ముందే కంపెనీ సైట్ నుంచి మాన్యువల్ దించుకుని ఆ పట్టిక చూడండి, ఐదు నిమిషాల పని.

9. కొనేటప్పుడు

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె తెరిచేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీయండి. తెర పగిలి వస్తే దుకాణదారు అడిగే మొదటి సాక్ష్యం అదే. డెడ్ పిక్సెల్ (పనిచేయని చుక్క) ఒకటో రెండో ఉంటే మార్చరని చాలా కంపెనీల నిబంధన. ఎన్ని ఉంటే మారుస్తారో, ఎన్ని రోజుల్లోపు చెప్పాలో ముందే చదవండి. మీ ఊళ్ళో గానీ దగ్గరి పట్టణంలో గానీ సర్వీస్ సెంటర్ ఉందా, ఇంటికొచ్చి తీసుకెళ్తారా అన్నది కూడా కనుక్కోండి. 27 అంగుళాల మానిటర్‌ను బస్సులో మోసుకెళ్ళడం తేలిక కాదు.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొంటే అక్కడే ప్లగ్ పెట్టించి చూడండి. తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ, ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిండుగా ఉండే బొమ్మలు ముందే ఫోన్‌లో పెట్టుకుని వెళ్తే, వాళ్ళ కంప్యూటర్‌లో తెరిచి రెండు నిమిషాల్లో మచ్చలు పట్టుకోవచ్చు. మోడల్ నంబర్ మొత్తం, చివరి అక్షరంతో సహా, మీరు రాసుకున్న దానితో పోల్చండి. ఒక్క అక్షరం మారితే ప్యానెల్ మారిపోయే మోడళ్ళు ఉన్నాయి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి.

10. ఇంటికి తెచ్చాక

కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డ్ మీద ఉన్న పోర్టుకే పెట్టండి. క్యాబినెట్ వెనక పైన నిలువుగా వరుసలో ఉండే పోర్టులు మదర్‌బోర్డువి, వాటికి పెడితే కార్డ్ ఉండీ సరిగ్గా వాడుకోనట్టే. కింద అడ్డంగా ఉండేవి కార్డువి.

తరవాత విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళి రిఫ్రెష్ రేట్ మార్చండి. కొత్త మానిటర్ పెట్టినా విండోస్ చాలాసార్లు 60 దగ్గరే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి 144 హెర్ట్జ్ మానిటర్‌ను 60లో వాడినవాళ్ళు ఉన్నారంటే అతిశయోక్తి కాదు. పైన చెప్పిన సింక్‌ను మానిటర్ సొంత మెనూలో ఒకసారి, కార్డ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి, రెండు చోట్లా ఆన్ చేయాలి. ఫ్రేముల పరిమితిని మానిటర్ గరిష్ఠానికి మూడు నాలుగు తక్కువగా పెట్టండి, 144 అయితే 140. ఫ్రేములు మానిటర్‌ను దాటిపోతే సింక్ పనిచేయడం ఆగిపోతుంది కాబట్టి ఈ జాగ్రత్త.

చివరగా మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్ లేదా రెస్పాన్స్ టైమ్ అనే సెట్టింగ్ ఉంటుంది. టెస్ట్ యూఎఫ్‌ఓ సైట్ తెరిచి, కదిలే బొమ్మను చూస్తూ ఒక్కో మెట్టు మార్చండి. కింది మెట్టులో బొమ్మ వెనక మసక తోక ఉంటుంది. బాగా పై మెట్టులో తెల్లగా మెరిసే తోక వస్తుంది, అదింకా చికాకు. రెండూ తక్కువగా ఉండే మధ్య మెట్టు దగ్గర ఆపేయండి. ఆ తరవాత మొదట కొలిచిన గేమునే, అదే చోట, ఓవర్‌లే ఆన్ చేసి మళ్ళీ ఆడండి. డీఎస్ఆర్‌లో వచ్చిన అంకెలకు దగ్గరగానే రావాలి. బాగా తక్కువ వస్తే రిటర్న్ గడువు దాటకముందే పోర్ట్, డ్రైవర్, పవర్ సెట్టింగులు మూడూ వరుసగా చూసుకోండి.